పేదవాడి వకీలు: షెరీఫ్ అబ్రహాం క్లార్క్

(న్యూజెర్సీలో తెలుగువారి కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో ఉన్నవాళ్లలో సగం మంది మెట్రోపార్క్‌లో రైలెక్కి న్యూయార్క్ ఆఫీసులకు వెళ్లేవాళ్లే. అన్ని స్టేషన్లలో ఆగే రైలైతే, ఎక్కగానే వచ్చే మొదటి స్టేషన్ రావే. ఆ తర్వాత లిండెన్, ఎలిజబెత్. కారులో వెళ్లేవాళ్లకు గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద 135వ ఎగ్జిట్ దగ్గర 'క్లార్క్' అని బోర్డు కనిపిస్తుంది. ఆ క్లార్క్ ఒక మనిషి పేరు. పుట్టింది అప్పటి ఎలిజబెత్‌టౌన్‌లో, ఇప్పుడు ఆ చోటు రోసెల్ ఊళ్లోకి వస్తుంది. పోయింది రావే దగ్గర. 1776లో స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన 56 మందిలో ఒకరు. ఆ ప్రకటనకు 2026 జూలైతో 250 ఏళ్లు. మనం రోజూ ఆయన పొలాల పక్కనుంచే పోతున్నాం, కాబట్టి ఆయన గురించి ఒక గంట మాట్లాడుకోవడం న్యాయం అనిపించింది.

జెఫర్సన్, ఫ్రాంక్లిన్, ఆడమ్స్ అంటే మన పిల్లలకు కూడా తెలుసు. అబ్రహాం క్లార్క్ అంటే ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లకు కూడా తెలియదు. కాలేజీ చదువు లేదు. పెద్ద ఆస్తి లేదు. వక్తగా పేరు లేదు. రైతు, భూమి కొలిచే సర్వేయరు, షెరీఫ్, ఆ తర్వాత కాంగ్రెస్ సభ్యుడు. నా లెక్కలో ఆయన కాంగ్రెస్‌లో చేసిన ప్రతి పనికీ మూలం ఆ షెరీఫ్ కొలువులో ఉంది. అప్పుల్లో కూరుకుపోయిన రైతు ముఖం చూసి వచ్చినవాడు చట్టం రాసే చోట కూర్చుంటే ఎలా మాట్లాడతాడో చూడాలంటే ఈయన జీవితం చూడాలి.

1726 ఫిబ్రవరి 15న పుట్టారు. తల్లిదండ్రులకు ఒక్కడే కొడుకు. తండ్రి థామస్ క్లార్క్‌ది వ్యవసాయమే. కుర్రాడు మాత్రం చిన్నప్పటి నుంచి అర్భకుడు. నాగలి పట్టి దున్నే ఓపిక లేదని ఇంట్లోవాళ్లకు అర్థమైంది. లెక్కల్లో మాత్రం చురుకు. అందుకని సర్వే పని నేర్పించారు. ఆ రోజుల్లో భూమి కొలిచేది గంటర్ గొలుసుతో. పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. మన దగ్గర పాతకాలం సర్వేయర్లు పొలాల గట్ల మీద లాగిన గొలుసు కూడా అదే. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. ఒకడు ముందు, ఒకడు వెనక గొలుసు పట్టుకుని, ముళ్లపొదల్లోంచీ వాగుల్లోంచీ నడుస్తూ, 'గాటు పెట్టిన తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలై, అక్కడి నుంచి తూర్పుగా ఇన్ని గొలుసులు' అని రాసుకుంటూ పోవాలి. ఆ ఓక్ చెట్టు గాలివానకు పడిపోతే? పక్కవాడు రాత్రికి రాత్రి నరికేస్తే? గొడవ మొదలు. భూమి కొలిచేవాడి దగ్గరికే జనం తగాదాలు తెస్తారు. అలా క్లార్క్ కూర్చుని చట్టం పుస్తకాలు సొంతంగా చదివారు. పట్టాలు, దస్తావేజులు రాసిపెట్టడం, తగవులు తీర్చడం మొదలుపెట్టారు. డబ్బు లేనివాళ్ల దగ్గర తీసుకునేవారు కాదు. లాయరుగా పద్ధతి ప్రకారం ఆయనకు లైసెన్సు ఉన్నట్టు ఆధారాలేమీ లేవు. జనమే ఆయనకు 'పేదవాడి వకీలు' అని పేరు పెట్టారు.

ఈ భూమి గొడవ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇది తెలియకపోతే ఆ మనిషి కోపం ఎక్కడిదో అర్థం కాదు. 1664లో ఇంగ్లిష్‌వాళ్లు ఈ ప్రాంతాన్ని డచ్‌వాళ్ల నుంచి లాక్కున్నారు. న్యూయార్క్‌లో కూర్చున్న గవర్నర్ నికోల్స్ అనుమతితో కొన్ని కుటుంబాలు ఇక్కడి లెనాపే ఆదివాసుల దగ్గర భూమి కొని ఎలిజబెత్‌టౌన్ కట్టుకున్నాయి. సరిగ్గా అదే ఏడాది, అటు ఇంగ్లండ్‌లో, రాజుగారి తమ్ముడు డ్యూక్ ఆఫ్ యార్క్ న్యూజెర్సీ మొత్తాన్ని తన స్నేహితులు బర్కిలీ, కార్టరెట్‌లకు ఇచ్చేశాడు. ఒకే భూమికి ఇద్దరు హక్కుదారులు. ఊరివాళ్లేమో మేం కొనుక్కున్నాం అంటారు. బర్కిలీ, కార్టరెట్, వాళ్ల తర్వాత ఆ హక్కు పొందినవాళ్లు, అంటే ప్రొప్రయిటర్లేమో, భూమి మాది, మీరు ఏటా మాకు శిస్తు కట్టాలి అంటారు. ఈ తగాదా వందేళ్లు నడిచింది. 1745లో ప్రొప్రయిటర్లు ఎలిజబెత్‌టౌన్‌వాళ్ల మీద పెద్ద దావా వేశారు. అచ్చు వేస్తే అది ఏకంగా ఒక లావుపాటి పుస్తకమైంది. అదే ఏడాది సెప్టెంబర్‌లో, ఇదే భూముల గొడవలో అరెస్టయిన ఒక రైతును విడిపించడానికి జనం గుంపుగా వచ్చి న్యూవార్క్‌లో జైలు తలుపులు బద్దలు కొట్టారు. అప్పటికి క్లార్క్‌కు 19 ఏళ్లు. ఆ దావా ఎప్పటికీ తేలలేదు. లాయర్లకు మాత్రం రెండు పక్కలా ఫీజులు ముట్టాయి.

జైలు పగిలిన ఆ ఎసెక్స్ కౌంటీకే 1760లలో క్లార్క్ హై షెరీఫ్ అయ్యారు. అప్పుడు ఎలిజబెత్‌టౌన్ ఎసెక్స్ కౌంటీలోనే ఉండేది. ఇప్పటి యూనియన్ కౌంటీ 1857లో విడిపోయింది.

షెరీఫ్ అనగానే మనకు సినిమాల్లో గుర్రం మీద తుపాకీ పట్టుకున్నవాడు గుర్తొస్తాడు. అది పడమటి రాష్ట్రాల కథ, వందేళ్ల తర్వాతిది. 1760ల న్యూజెర్సీలో షెరీఫ్ రాజు పేరు మీద పనిచేసే అధికారి. కోర్టు సమన్లు పట్టుకెళ్లి ఇవ్వాలి. జైలు నడపాలి. ఎన్నికలు జరిపించాలి. అన్నిటికన్నా ఎక్కువగా, బాకీల పని చూడాలి. అప్పు తీర్చలేని రైతు ఇంటికి వెళ్లి, ఆవులు, బండి, పనిముట్లు, చివరికి పొలం జప్తు చేసి వేలం వేయాలి. దానికి షెరీఫ్ సేల్ అని పేరు. ఇళ్ల జప్తుల వార్తల్లో ఆ మాట మీరు ఇప్పటికీ చూసే ఉంటారు. వేలంలో కూడా అప్పు తీరకపోతే రైతును జైల్లో వేయాలి. జైల్లో ఉన్నవాడు పంట ఎలా వేస్తాడు, అప్పు ఎలా తీరుస్తాడు? అయినా చట్టం అంతే. ఐదు పౌండ్ల బాకీ కోర్టుకెక్కితే దాని మీద గుమాస్తా ఫీజు, లాయరు ఫీజు, షెరీఫ్ ఫీజు కలిసి బాకీని మించిపోయేవి. క్లార్క్ ఈ లెక్కలన్నీ దగ్గర నుంచి చూశారు, ఆ కాగితాలు తన చేత్తోనే అందించారు. పగలు పేదవాడికి దస్తావేజు రాసిపెట్టిన మనిషే అవసరమైతే అదే పేదవాడి గడప ముందు వేలం పాట పాడించాలి. ఈ ఉద్యోగం ఆయన్ను బండబార్చలేదు. ఆ తర్వాత పాతికేళ్లు ఆయన రాసిన చట్టాల్లోనూ ఉత్తరాల్లోనూ దీని గుర్తులు కనిపిస్తాయి.

ఇంటి సంగతి క్లుప్తంగా చెప్తాను. భార్య సారా హాట్‌ఫీల్డ్. పదిమంది పిల్లలు. ఎలిజబెత్‌టౌన్ బయట పొలం, ఒక మామూలు ఇల్లు. ఆ ఇల్లు తర్వాత కాలంలో కాలిపోయింది. రోసెల్‌లో ఇప్పుడు ఉన్నది దాని నమూనాలో 20వ శతాబ్దంలో కట్టినది.

1770లు వచ్చేసరికి రాజుతో గొడవ ముదిరింది. క్లార్క్ ఊరి కమిటీల్లో, ఆ తర్వాత 1775లో ప్రొవిన్షియల్ కాంగ్రెస్‌లో, అంటే రాజు ప్రభుత్వానికి ఎదురుగా న్యూజెర్సీ జనం పెట్టుకున్న సభలో, చేరారు. న్యూజెర్సీకి రాజు తరఫు గవర్నర్ విలియం ఫ్రాంక్లిన్, స్వయానా బెంజమిన్ ఫ్రాంక్లిన్ కొడుకు. తండ్రి ఒక పక్షం, కొడుకు ఒక పక్షం. 1776 జూన్‌లో ప్రొవిన్షియల్ కాంగ్రెస్ ఆ గవర్నర్‌ను అరెస్టు చేయించింది. ఆ వెంటనే, ఫిలడెల్ఫియాలో అన్ని కాలనీల కాంగ్రెస్‌లో కూర్చున్న తన పాత ప్రతినిధులు స్వాతంత్ర్యం విషయంలో వెనకాడుతున్నారని వాళ్ల స్థానంలో ఐదుగురు కొత్తవాళ్లను ఎన్నుకుంది. రిచర్డ్ స్టాక్‌టన్ పేరున్న లాయరు. జాన్ విదర్‌స్పూన్ ప్రిన్స్‌టన్ కాలేజీ అధ్యక్షుడు, పాస్టరు. ఫ్రాన్సిస్ హాప్‌కిన్సన్ కవి, సంగీతం తెలిసినవాడు. మిగిలిన ఇద్దరు, జాన్ హార్ట్, అబ్రహాం క్లార్క్, రైతులు. జూలై 1న వీళ్లలో వచ్చినవాళ్లు, రెండు పక్షాల వాదనలు మేం వినలేదు, మాకు మళ్లీ చెప్పండి అని అడిగారు. దాంతో జాన్ ఆడమ్స్ అప్పటిదాకా చెప్పిందంతా మరోసారి చెప్పాల్సి వచ్చింది. మర్నాడు న్యూజెర్సీ స్వాతంత్ర్యానికి ఓటు వేసింది.

ఇక్కడ మ్యాపు ఒకసారి కళ్లముందు పెట్టుకోండి. మీలో చాలామంది గోథల్స్ బ్రిడ్జి మీద టోల్ కట్టి స్టాటెన్ ఐలండ్ వెళ్లేవాళ్లే. ఎలిజబెత్‌కూ స్టాటెన్ ఐలండ్‌కూ మధ్య ఉన్నది ఆర్థర్ కిల్ అనే సన్నటి నీటి పాయ. 1776 జూలై మొదటి వారంలో బ్రిటిష్ జనరల్ హౌ సైన్యం దిగింది ఆ స్టాటెన్ ఐలండ్ మీదే. ఆగస్టుకల్లా అక్కడ 30 వేలకు పైగా సైనికులు. క్లార్క్ భార్యాపిల్లలు ఉన్న ఇంటికి అది కొన్ని మైళ్ల దూరం. ఫిలడెల్ఫియాలో కూర్చుని స్వాతంత్ర్యానికి ఓటు వేసిన మిగతావాళ్లలో చాలామందికి శత్రువు ఎక్కడో ఉన్నాడు. ఈయనకు పెరటి అవతల ఉన్నాడు.

ఆ రోజుల్లో ఆయన స్నేహితుడు కల్నల్ ఎలైయాస్ డేటన్ ఉత్తరాన సైన్యంతో ఉన్నారు. ఆయనకు క్లార్క్ రాసిన ఉత్తరాలు మిగిలాయి. నాకు మొత్తం కథలో అన్నిటికన్నా ఇష్టమైనవి ఇవే. జూలై 4న రాసిన ఉత్తరంలో, మనం పెద్ద తుఫాను సముద్రంలోకి దిగాం, ప్రాణాలకు భరోసా లేదు, ఇక మిగిలింది రెండే, స్వతంత్ర రాజ్యం కావడమో ఓడిపోయిన దేశం కావడమో అన్నారు. పది రోజుల తర్వాత మరో ఉత్తరం. డేటన్ ఆయన్ను 'గౌరవనీయులు' అని సంబోధించినట్టున్నారు. దానికి జవాబుగా, ఈ బిరుదు గౌరవమో అగౌరవమో యుద్ధం తేల్చాలి, బహుశా మా కాంగ్రెస్‌ను బాగా ఎత్తయిన ఉరికంబం మీదికి ఎక్కిస్తారేమో అని రాశారు. ఆగస్టులో మరొకటి: మనం ఉన్న ప్రమాదం నాకు కనిపిస్తోంది, తెలుస్తోంది, దేవుడి శక్తి తప్ప మనల్ని కాపాడేది లేదు అని. జబ్బలు చరుచుకోవడం ఎక్కడా లేదు. భయం ఉంది, ఆ భయాన్ని దాచుకోలేదు. అయినా ఆగస్టు 2న అందరితో పాటు కాగితం మీద సంతకం పెట్టారు.

ఆ ఏడాది చివర్లో యుద్ధం న్యూజెర్సీని తొక్కుకుంటూ పోయింది. స్టాక్‌టన్ బ్రిటిష్‌వాళ్లకు దొరికిపోయారు. హార్ట్ ఇల్లు వదిలి కొండల్లో దాక్కున్నారు. క్లార్క్ కొడుకుల్లో ఇద్దరు సైన్యంలో అధికారులు. ఇద్దరూ యుద్ధంలో ఖైదీలయ్యారు. వాళ్లలో థామస్ ఫిరంగి దళంలో కెప్టెన్.

ఖైదీలు అంటే మామూలు జైలు కాదండీ. ఇప్పుడు బ్రూక్లిన్ నేవీ యార్డ్ ఉన్న చోట అప్పుడు వాలబౌట్ బే అనే బురద రేవు. అక్కడ 'జెర్సీ' అనే పాత యుద్ధనౌకను లంగరు వేసి ఉంచారు. ఒకప్పుడు 60 ఫిరంగుల ఓడ. తెరచాపలు, ఫిరంగులు అన్నీ తీసేసి, కిటికీలు మూసేసి, జైలు చేశారు. ఒక్కోసారి వెయ్యి మందిని లోపల కుక్కేవారు. సూర్యాస్తమయం కాగానే కిందికి తోసి పైన తలుపు మూసేవారు. మశూచి, జిగట విరేచనాలు, పురుగులు పట్టిన రొట్టె. తెల్లవారాక పైనుంచి కాపలావాడు వేసే మొదటి కేక: తిరుగుబాటుదారులారా, మీ శవాలు బయటికి తెండి! బతికి బయటపడ్డవాళ్లు చాలామంది ఇదే మాట రాసి పెట్టారు. శవాలను దుప్పట్లో చుట్టి ఒడ్డున ఇసుకలో లోతు లేకుండా పాతిపెట్టేవారు. ఏళ్ల తర్వాత కూడా అలలకు ఎముకలు బయటపడేవి. అక్కడి ఓడల్లో 11 వేల మందికి పైగా చనిపోయారని లెక్క వేస్తారు. యుద్ధంలో కాల్పుల్లో చనిపోయినవాళ్లకన్నా ఎక్కువ. ఫోర్ట్ గ్రీన్ పార్కులో వాళ్ల స్మారక స్తంభం ఉంది, వీలైతే పిల్లల్ని తీసుకెళ్లండి.

థామస్‌ను ఈ ఓడ మీదే ఉంచారనీ, చీకటి కొట్లో పడేసి తిండి పెట్టకపోతే తోటి ఖైదీలు తాళం చెవి రంధ్రంలోంచి తిండి అందించారనీ 19వ శతాబ్దపు జీవిత చరిత్రల్లో ఉంది. వాటిలోనే ఇంకో మాట ఉంది, నాకు దాన్ని దాటిపోవాలనిపించదు. కాంగ్రెస్‌లో సభ్యుడై ఉండి కూడా క్లార్క్ తన కొడుకుల సంగతి సభలో ఎత్తలేదట. వేరేవాళ్ల ద్వారా తెలిసి, మీరు ఇలా చేస్తే మా దగ్గరున్న మీ అధికారికీ ఇదే గతి పడుతుందని కాంగ్రెస్ బ్రిటిష్‌వాళ్లకు చెప్పించాక పరిస్థితి కొంచెం మెరుగైందట.

ప్రతి జూలై 4కి వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ తిరుగుతుంది, మీకూ వచ్చే ఉంటుంది. నువ్వు రాజు పక్షానికి వస్తే నీ కొడుకుల్ని వదిలేస్తాం అని బ్రిటిష్‌వాళ్లు క్లార్క్‌తో బేరం పెట్టారనీ, ఆయన కన్నీళ్లతో కుదరదన్నారనీ అందులో ఉంటుంది. ఆ బేరం జరిగిందనడానికి ఆ కాలపు కాగితం ఒక్కటీ లేదు. దయచేసి దాన్ని ఇంకొకరికి పంపకండి. అసలు జరిగింది చాలు. కొడుకులు ఖైదులో ఉన్నా పదవిని అడ్డం పెట్టుకోకుండా రోజూ వెళ్లి తన పని తాను చేసుకున్న తండ్రికి కల్పన తోడు అక్కర్లేదు.

ఇంత నష్టపోయిన మనిషి సైన్యానికి ఏ అధికారం కావాలంటే అది ఇచ్చేయండి అంటాడనుకుంటాం. సరిగ్గా దానికి ఎదురు మాట్లాడారు. 1776 చివర్లో న్యూజెర్సీ జనం భయపడి వేలకొద్దీ వెళ్లి రాజుకు విధేయులమని రాసిచ్చి రక్షణ చీటీలు తెచ్చుకున్నారు. 1777 జనవరి 25న మోరిస్‌టౌన్ నుంచి వాషింగ్టన్ ఒక ప్రకటన ఇచ్చారు: ఆ చీటీలు తెచ్చి అప్పగించి, యునైటెడ్ స్టేట్స్‌కు విధేయత ప్రమాణం చేయండి, లేదా 30 రోజుల్లో శత్రువు పక్షానికి వెళ్లిపోండి, రెండూ చేయకపోతే మిమ్మల్ని శత్రువులుగానే చూస్తాం. అప్పటికి ట్రెంటన్, ప్రిన్స్‌టన్ గెలిచి వాషింగ్టన్ దేవుడైపోయారు. క్లార్క్ లేచి అభ్యంతరం చెప్పారు. న్యూజెర్సీకి తన చట్టం ఉంది, ఎవరు పౌరుడో ఎవరు ద్రోహియో తేల్చాల్సింది చట్టసభ, సైన్యాధిపతి కాదు, పైగా రాష్ట్రాల మధ్య ఒప్పందమే ఇంకా కుదరనప్పుడు యునైటెడ్ స్టేట్స్‌కు ప్రమాణం ఏమిటి అన్నారు. జనరల్ నిజాయతీపరుడని నమ్ముతాను, కానీ ఆయనా తప్పు చేయగలడు అని ఒక ఉత్తరంలో రాశారు. ఆ సమయంలో ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. నా మట్టుకు వాషింగ్టన్ ఇబ్బంది కూడా అర్థమవుతుంది, ఆయన చుట్టూ ఎవరు మనవాడో తెలియని పరిస్థితి. కానీ గెలుస్తున్న సేనానికి హద్దు గుర్తు చేసినవాళ్లు ఆ సభలో ఉండబట్టే ఆ తర్వాత ఆ దేశంలో సైన్యం చట్టం కిందే ఉంది.

ఇక్కడ ఒక విషయం దాటేయడం సరికాదు. 'మనుషులందరూ సమానం' అని సంతకం పెట్టిన ఈ న్యూజెర్సీ పొలాల్లో అప్పుడు బానిసలు పనిచేసేవారు. క్రమంగా బానిసత్వం తీసేసే చట్టం ఇక్కడికి 1804లో గానీ రాలేదు, ఉత్తరాది రాష్ట్రాలన్నిటిలోకీ చివర. ఇంకోపక్క 1776లో రాసుకున్న న్యూజెర్సీ రాజ్యాంగం 50 పౌండ్ల ఆస్తి ఉన్న నివాసులందరికీ ఓటు ఇచ్చింది. దాన్ని ఆసరా చేసుకుని ఆస్తి ఉన్న ఒంటరి స్త్రీలు, నల్లవాళ్లు ఓటు వేశారు. 1807లో ఆ హక్కు లాగేసుకున్నారు. క్లార్క్ రోజుల న్యూజెర్సీ అంటే ఈ రెండూ.

యుద్ధం ముగిసింది. ఇప్పుడు షెరీఫ్ మళ్లీ బయటికొస్తాడు. 1783 తర్వాత నాణేలు దొరకడం మానేశాయి. రైతుకు భూమి ఉంది, పశువులు ఉన్నాయి, ధాన్యం ఉంది. చేతిలో వెండి లేదు. పన్ను వెండిలో కట్టాలి, అప్పు వెండిలో తీర్చాలి. కట్టలేకపోతే వేలం. ఊరంతటి దగ్గరా డబ్బు లేనప్పుడు వేలంలో ఎవరు కొంటారు? ఆ ఒక్క షావుకారు కొంటాడు, తనకు తోచిన రేటుకు. యుద్ధంలో తుపాకీ మోసి వచ్చినవాడి పొలం ఇలా పోయేది. ఇది క్లార్క్‌కు పుస్తకాల్లో చదివిన సంగతి కాదు.

న్యూజెర్సీ చట్టసభ సభ్యుడిగా 1784లో ఆయన ఒక చట్టం తెచ్చారు: కోర్టు వ్యవహారాలను క్రమబద్ధం చేసి, కుదించే చట్టం. జనం దాన్ని 'క్లార్క్ చట్టం' అనే పిలిచారు. కోర్టులో అక్కర్లేని మెట్లు తీసేయడం, ఖర్చులు తగ్గించడం దాని పని. ఇది నెగ్గితే లాయర్ల మణికట్ల మీద కుచ్చులు పీకి పారేస్తుంది అని ఆయన అన్నట్టు చెబుతారు. అప్పటి పెద్ద లాయర్లు చొక్కా చేతుల చివర లేసు కుచ్చులు వేసుకునేవారు. వాళ్లు ఆయన్ను ఎంతగా తిట్టుకుని ఉంటారో ఊహించుకోండి. 1786లో కాగితం డబ్బు కోసం పోరాడారు. గవర్నర్ లివింగ్‌స్టన్ వద్దన్నా చట్టసభ లక్ష పౌండ్ల నోట్లు అచ్చు వేసి, భూమి తాకట్టు మీద రైతులకు అప్పుగా ఇచ్చే చట్టం చేసింది. ఆ నోట్ల విలువ తర్వాత పడిపోయిన మాట నిజమే, న్యూయార్క్, ఫిలడెల్ఫియా వ్యాపారులు వాటిని పూర్తి విలువకు తీసుకోలేదు. అప్పిచ్చినవాళ్లు నష్టపోయారు. వాళ్లలో పెద్ద షావుకార్లే కాదు, కొద్దిపాటి సొమ్ము వడ్డీకి ఇచ్చుకున్న వితంతువులు కూడా ఉంటారు కదా. ఆ విమర్శ సరైనదే. కానీ ఆ ఏడాదే మసాచుసెట్స్‌లో రైతులు తుపాకులు పట్టుకుని కోర్టులు మూయించారు. న్యూజెర్సీలో అంతదూరం పోలేదంటే ఇలాంటి చట్టాల వల్ల కొంత ఊపిరి ఆడడం ఒక కారణమని నేననుకుంటాను.

న్యూజెర్సీకి ఇంకో కష్టం ఉండేది. సొంతానికి పెద్ద రేవు లేదు. సరుకులన్నీ అయితే న్యూయార్క్ నుంచి, లేకపోతే ఫిలడెల్ఫియా నుంచి రావాలి. ఆ రెండు రాష్ట్రాలూ దిగుమతి సుంకాలు వేసుకుని తమ ఖజానాలో పోసుకునేవి, కట్టేది మాత్రం న్యూజెర్సీ జనం. రెండు చివర్లా కుళాయిలు బిగించిన పీపా అని మాడిసన్ న్యూజెర్సీని వర్ణించారు. 1786 ఫిబ్రవరిలో, ఈ అన్యాయం సరిచేసేదాకా కాంగ్రెస్‌కు మా వాటా కట్టం అని న్యూజెర్సీ చట్టసభ తేల్చి చెప్పింది. దాని వెనక గట్టిగా నిలబడ్డవాళ్లలో క్లార్క్ ఒకరు. కాంగ్రెస్ హడలిపోయి మనుషుల్ని పంపి బతిమాలుకుంది. అదే ఏడాది సెప్టెంబర్‌లో వ్యాపార నియమాల గురించి మాట్లాడుకోవడానికి అన్నాపొలిస్‌లో సమావేశం పెడితే వచ్చింది ఐదు రాష్ట్రాలు, పన్నెండు మంది. మిగతావాళ్లకు వ్యాపారం గురించి మాత్రమే మాట్లాడే అధికారం ఉంది. క్లార్క్‌తో వచ్చిన న్యూజెర్సీ బృందానికి 'ఇతర ముఖ్య విషయాలు' కూడా మాట్లాడవచ్చని రాసిచ్చారు. ఆ రెండు మాటలు పట్టుకుని, ఇది మంచి ఆలోచన, అన్ని విషయాల మీదా వచ్చే ఏడాది ఫిలడెల్ఫియాలో కూర్చుందాం అని సభ నివేదిక రాసింది. ఆ కూర్చోవడంలోంచే అమెరికా రాజ్యాంగం వచ్చింది.

ఆ ఫిలడెల్ఫియా సభకు క్లార్క్‌ను కూడా ఎన్నుకున్నారు. ఆయన వెళ్లలేదు. 1787 సెప్టెంబర్‌లో రాజ్యాంగం ముసాయిదా న్యూయార్క్‌లో ఉన్న కాంగ్రెస్‌కు వచ్చినప్పుడు మాత్రం ఆయన అక్కడే ఉన్నారు. ఇది నాకు నచ్చలేదు, కానీ మనం ఇక్కడ కూర్చుని మార్చినందువల్ల ప్రయోజనం లేదు, ఎక్కడా అడ్డుపడను, ఊరికే రాష్ట్రాలకు పంపేద్దాం అన్నారు. చివరికి కాంగ్రెస్ చేసింది కూడా దాదాపు అదే: బాగుందనీ బాగాలేదనీ అనకుండా పంపేసింది. మరుసటి ఏడాది ఒక ఉత్తరంలో తన అభ్యంతరాలు విడమరిచారు. ఈ ప్రభుత్వానికి ఖర్చు ఎక్కువ, జనం మీద భారం అనవసరం, న్యాయస్థానాల అధికారానికి హద్దూ ఆపూ లేదు అని. చూడండి, మళ్లీ కోర్టులే! దేశమంతా సెనేట్ గురించీ ప్రెసిడెంట్ గురించీ వాదించుకుంటుంటే ఈ మాజీ షెరీఫ్ మనసు ముందుగా కోర్టు మీదికి పోయింది. దూరాన ఉన్న కోర్టుకు తిరగలేక ఓడిపోయే మనిషి ఎవరో ఆయనకు తెలుసు. హక్కుల పట్టిక రాజ్యాంగంలో చేరాక ఆయన అభ్యంతరాలు చాలావరకు తగ్గాయి.

కొత్త రాజ్యాంగం కింద 1789లో మొదటి ఎన్నికలకు నిలబడి ఓడిపోయారు. ఆ ఎన్నికకు ఓటింగ్ ఎప్పుడు ముగియాలో చట్టంలో రాయలేదు. పోటీపడ్డ పక్షాలు కొన్ని కౌంటీల్లో వారాల తరబడి పోలింగ్ తెరిచే ఉంచాయి, కావలసినన్ని ఓట్ల కోసం. రెండోసారి గెలిచి 1791 నుంచి ప్రతినిధుల సభలో కూర్చున్నారు.

అక్కడ ఆయన చివరి పెద్ద పని 1794 వసంతంలో. బ్రిటిష్ నౌకాదళం వెస్ట్ ఇండీస్‌లో అమెరికా వ్యాపార ఓడల్ని వందలకొద్దీ పట్టేసుకుంది. 1783 సంధి ప్రకారం ఖాళీ చేయాల్సిన డెట్రాయిట్, నయాగరా కోటల్లోంచి పదకొండేళ్లయినా కదల్లేదు. పట్టుకున్న ఓడలకు నష్టపరిహారం ఇచ్చి, కోటలు ఖాళీ చేసేదాకా బ్రిటన్‌తో వ్యాపారం ఆపేద్దామని క్లార్క్ ఏప్రిల్‌లో తీర్మానం పెట్టారు. యుద్ధం వద్దు, సరుకు కొనడం మానేద్దాం, అంతే. ప్రతినిధుల సభ ఒప్పుకుంది. సెనేట్‌లో ఓట్లు సమానమయ్యాయి. ఉపాధ్యక్షుడిగా కుర్చీలో ఉన్న జాన్ ఆడమ్స్ తన ఓటుతో దాన్ని ఓడించారు. 1776 జూలైలో ఈ న్యూజెర్సీ రైతును ఒప్పించడానికి రెండోసారి ప్రసంగం చేసిన ఆడమ్సే. ప్రెసిడెంట్ వాషింగ్టన్ అప్పటికే జాన్ జేను సంధి మాటలకు లండన్ పంపే పనిలో ఉన్నారు.

సభ ముగిశాక క్లార్క్ ఇంటికి వచ్చేశారు. ఆ సెప్టెంబర్‌లో తన పొలం దగ్గర వంతెన కడుతుంటే చూడడానికి వెళ్లి, వడదెబ్బ తగిలిందట. ఒంట్లో బాగాలేదని తెలిసి తనే బండి తోలుకుంటూ ఇంటికి వచ్చారని, రెండు గంటల్లో ప్రాణం పోయిందని చెబుతారు. 1794 సెప్టెంబర్ 15. వయసు 68. జాన్ జే సంధి మీద సంతకాలు ఆ నవంబర్‌లో అయ్యాయి. బ్రిటిష్‌వాళ్లు కోటలు ఖాళీ చేసింది 1796లో.

సమాధి రావే సిమెటరీలో ఉంది, స్టేషన్ నుంచి ఎక్కువ దూరం కాదు. క్లార్క్ టౌన్‌షిప్ 1864లో రావే నుంచి విడిపోయినప్పుడు ఆయన పేరు పెట్టుకుంది. రోసెల్‌లో హైస్కూలు కూడా ఆయన పేరు మీదే. మన తెలుగు పిల్లల్లో ఈ చుట్టుపక్కల బడుల్లో చదివేవాళ్లు ఎంతోమంది ఉన్నారు. లోకల్ హిస్టరీ ప్రాజెక్టు ఇస్తే అందరూ రాసే వాషింగ్టన్ గురించే రాయకుండా డేటన్‌కు క్లార్క్ రాసిన ఉత్తరాలు తెరిచి చూడమనండి. ఇంగ్లిష్ పాతదే గానీ హైస్కూలు పిల్లలకు అర్థమవుతుంది.

ఇక మీ ప్రశ్నలు. వెనక వరసలో చెయ్యెత్తిన అమ్మా, ముందు మీరు అడగండి.